విల్లు ఒక్కటే సరిపోదు: ఆస్తి, వైద్యం, ఆఖరి నిర్ణయాలు కాగితం మీద పెట్టుకునే పద్ధతి

"విల్లు రాసేశాను, ఇక నాకేం టెన్షన్ లేదు" అనే పెద్దలు చాలామంది కనిపిస్తారు. రాయడం మంచిదే. కానీ విల్లు పనిచేసేది మనిషి పోయాకే. అదే మనిషి స్పృహ లేకుండా ఐసీయూలో ఉన్నప్పుడు ఆయన డిపాజిట్ తీసి ఆసుపత్రి బిల్లు కట్టడానికి విల్లు పనికిరాదు. జీపీఏ (మీ తరఫున పనులు చేయమని ఒకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది కదా అనుకుంటే, అది రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోయినా, చనిపోయినా దాని పని అయిపోతుంది. వెంటిలేటర్ ఎంతకాలం ఉంచాలన్న ప్రశ్నకు ఈ రెండింటిలోనూ జవాబు ఉండదు. దానికి వేరే పత్రం కావాలి.

అంటే ఒక్కో కాగితానికి ఒక్కో కాలం ఉంది. బాగున్నప్పుడు పనిచేసేవి కొన్ని, నిర్ణయం తీసుకునే శక్తి పోయాక పనిచేసేది ఒకటి, పోయాక పనిచేసేవి ఇంకొన్ని. కుటుంబాలు ఇబ్బంది పడేది ఎక్కువగా మధ్య కాలంలోనే, అయినా మనం ఎక్కువగా ఆలోచించేది చివరి కాలం గురించే. మూడింటికీ ఏం చేసుకోవాలో వరసగా చూద్దాం. ఇక్కడ చెప్పేది భారతదేశంలోని చట్టం, అందులోనూ రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకు పనికొచ్చేది. ఇప్పటికే తగాదా నడుస్తున్న ఆస్తి ఉంటే మాత్రం వకీలును కలవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

మొదటి పని: ఏముందో, అది ఎవరిదో రాయండి

ఒక నోటుపుస్తకం చాలు. పొలానికి సర్వే నంబరు, విస్తీర్ణం, పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందో రాయండి. ఇంటికి దస్తావేజు నంబరు, సంవత్సరం, లింకు డాక్యుమెంట్లు ఎక్కడున్నాయో రాయండి. బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, లాకరు, పీఎఫ్, బీమా పాలసీలు, షేర్లు, బంగారం ఎక్కించండి. ఇచ్చిన చేబదుళ్లు, తీసుకున్న అప్పులు, పాడిన చిట్టీలు, తాకట్టు నగలు కూడా రాయాలి. చాలామంది ఈ చివరి వరుస వదిలేస్తారు. తర్వాత పిల్లల్ని ఎక్కువగా ఇరుకున పెట్టేది అదే. అప్పిచ్చినవాళ్లు వెంటనే వస్తారు, తీసుకున్నవాళ్లు రారు.

ఆ తర్వాత ప్రతి ఆస్తి పక్కన ఒక మాట చేర్చండి: స్వార్జితమా, పిత్రార్జితమా? మీ సంపాదనతో కొన్నదాన్ని మీ ఇష్టం వచ్చినవాళ్లకు రాయవచ్చు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అయితే మీ వాటాకు మాత్రమే విల్లు రాయగలరు. ఆ ఆస్తిలో కూతుళ్లకూ పుట్టుకతో వాటా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెళ్లికాని కూతుళ్ల విషయంలో ఈ మార్పును 1986లోనే చట్టం చేసి, 1985 సెప్టెంబరు నుంచి వర్తింపజేసింది. దేశమంతటా కూతుళ్లందరికీ 2005 సవరణతో వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. "ఆడపిల్లలకు కట్నం ఇచ్చేశాం, వాళ్లకేం లేదు" అని మొత్తం పొలాన్ని కొడుకులకు రాసిన విల్లు అంతమేరకు నిలబడదు.

రెండో పని: ఏమీ రాయకపోతే ఎవరికి పోతుందో తెలుసుకోండి

చట్టం చెప్పే పంపకం మీకు సమ్మతమైతే విల్లు తొందరేం లేదు. చాలామందికి ఆ పంపకమేమిటో తెలియదు, అదే చిక్కు. హిందూ పురుషుడు విల్లు లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమానంగా పంచుకుంటారు. తల్లికి వాటా ఉందన్న సంగతి కోడలికి తెలిసేసరికే చాలాసార్లు గొడవ మొదలవుతుంది. తండ్రికి మాత్రం ఈ మొదటి వరుసలో చోటు లేదు.

స్త్రీల విషయంలో నియమం వేరు, చాలామందికి మింగుడుపడదు కూడా. భర్త, పిల్లలు లేకుండా ఒక హిందూ స్త్రీ విల్లు రాయకుండా చనిపోతే, ఆమె సొంత సంపాదన ముందు భర్త వారసులకు వెళుతుంది, తల్లిదండ్రులకు కాదు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రం పుట్టింటివైపు వెళుతుంది. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో, పెళ్లయిన కొద్ది నెలలకే భర్త పోయి, అత్తింటివాళ్లు గెంటేస్తే, పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసిన స్త్రీ సొమ్ము చివరికి ఆ అత్తింటివాళ్లకే చేరింది. సానుభూతి వేరు, చట్టం వేరు అంది కోర్టు. నన్నడిగితే పిల్లల్లేని స్త్రీలు, ఒంటరిగా ఉన్న స్త్రీలు, సంపాదించే స్త్రీలు ఈ వ్యాసం ఇక్కడ ఆపేసి, ముందు విల్లు రాసుకుని వచ్చి మిగతాది చదవచ్చు.

ముస్లింలు అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు వరకే విల్లు రాయగలరు. అంతకు మించినా, వారసుల్లోనే ఒకరికి రాసినా మిగతా వారసుల సమ్మతి కావాలి. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం నేరుగా వర్తిస్తుంది. పెళ్లికి ముందు రాసిన విల్లు పెళ్లితో రద్దయిపోతుంది. హిందువులకు ఆ నియమం లేదు.

మూడో పని: ఇప్పుడే ఇవ్వడమా, తర్వాతా?

పిల్లలు "నాన్నా, ఇప్పుడే రిజిస్టర్ చేసెయ్" అన్నప్పుడు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది. దాన సెటిల్‌మెంట్ రిజిస్టరైతే ఆస్తి ఆ రోజే చేయి మారుతుంది. మనసు మారినా వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. విల్లును బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఉన్న ఒక్క ఇంటినీ బతికుండగా రాసివ్వవద్దనే నేను చెబుతాను, పిల్లలు ఎంత మంచివాళ్లయినా సరే. కోడలు, అల్లుడు, అప్పులు, విడాకులు, అన్నీ ఆ ఇంటి మీదకు వస్తాయి.

తప్పదనుకుంటే, "మమ్మల్ని చివరిదాకా చూసుకుంటారన్న షరతుతో ఇస్తున్నాం" అని దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు రాసి లేకపోతే వాదన బాగా బలహీనపడుతుంది. ప్రేమతో ఇచ్చాను అన్న మాటొక్కటే దస్తావేజులో ఉంటే, పిల్లల వకీలు చూపించేది అదే.

నాలుగో పని: విల్లు రాయడం

స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద, తెలుగులో, చేత్తో రాసినా చెల్లుతుంది. 18 ఏళ్లు నిండి, తనేం చేస్తున్నాడో తెలిసిన మనిషి ఎవరైనా రాయవచ్చు. చట్టం పట్టుబట్టేది ఒక్క విషయంలో: మీరు సంతకమో వేలిముద్రో పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు మీ సంతకం చూసి, లేదా "ఇది నా సంతకమే" అని మీ నోట విని, మీ ఎదుట సంతకం చేయాలి. సాక్షులకు లోపలి విషయం తెలియాల్సిన పనిలేదు. చదివి వినిపించకుండానే సంతకం తీసుకోవచ్చు.

ఎవరిని సాక్షిగా పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కేసు నిలిచేదీ కూలేదీ అక్కడే. తగాదా వచ్చి విల్లును కోర్టులో రుజువు చేయాల్సి వస్తే, కనీసం ఒక సాక్షి బతికి ఉండి, రాగలిగి ఉంటే, వచ్చి చెప్పాలి. కాబట్టి మీకంటే చిన్నవాళ్లను, ఊళ్లో ఉండేవాళ్లను, విల్లు వల్ల ఏమీ రానివాళ్లను ఎంచుకోండి. ఒకరు మీకు వైద్యం చేసే డాక్టరైతే ఇంకా మంచిది. మీరు తెలివితో ఉన్నారన్నదానికి ఆయనే సాక్ష్యం. మీ ఈడు స్నేహితులిద్దరి చేత సంతకం పెట్టిస్తే, ఆ విల్లు అవసరమయ్యే నాటికి వాళ్లూ ఉండకపోవచ్చు.

నమూనా ఇలా ఉంటుంది. మీ మాటల్లోకి మార్చుకోండి.

"నేను ఫలానా, ఫలానా వారి కుమార్తెను, వయసు ఇంత, ఫలానా చిరునామాలో ఉంటున్నాను. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను. నాకు ఇద్దరు పిల్లలు (పేర్లు). ఫలానా దస్తావేజు నంబరుతో కొన్న నా స్వార్జితమైన ఇల్లు నా తదనంతరం నా కుమార్తెకు సర్వహక్కులతో చెందాలి. నా బ్యాంకు డిపాజిట్లు, బంగారం ఇద్దరికీ సమానంగా చెందాలి. కుమారుడికి ఇల్లు ఇవ్వకపోవడానికి కారణం, అతని ఇంటి కొనుగోలుకు ఇదివరకే నేను డబ్బు ఇచ్చి ఉండడం. నాకంటే ముందు వీరిలో ఎవరైనా చనిపోతే వారి వాటా వారి పిల్లలకు చెందాలి. ఇందులో పేర్కొనని, ఇకమీద నాకు వచ్చే ఆస్తి ఏదైనా ఇద్దరికీ సమానం. ఈ వీలునామా అమలుకర్తగా ఫలానా వారిని నియమిస్తున్నాను."

కింద తేదీ, ఊరు, మీ సంతకం, సాక్షుల సంతకాలు, పూర్తి చిరునామాలు. ప్రతి పేజీలోనూ సంతకం పెట్టండి, ఖాళీలు వదలకండి, కొట్టివేతలుంటే పక్కన సంతకం చేయండి.

నమూనాలో కొడుక్కి ఎందుకు ఇవ్వడం లేదో ఒక వాక్యం ఉంది, గమనించారా? దాన్ని వదలొద్దు. విల్లు చుట్టూ అనుమానించదగ్గ పరిస్థితులుంటే వాటిని తొలగించే బాధ్యత విల్లు పట్టుకొచ్చినవాడిదే అని సుప్రీంకోర్టు 1959 నాటికే చెప్పింది. కారణం లేకుండా దగ్గరి వారసుణ్ని పక్కన పెట్టడం, లబ్ధి పొందేవాడే దగ్గరుండి రాయించడం, వణికిపోయిన సంతకం, ఇవన్నీ అనుమానాలే. అందుకే ఆసుపత్రి మంచం మీద రాయించే విల్లు కంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసింది ఎంతో బలమైనది. కారణం రాసేటప్పుడు తిట్లు మాత్రం వద్దు. మీరు పోయాక ఆ కాగితాన్ని అందరూ చదువుతారు.

దస్తావేజు లేఖరులు అలవాటుగా రాసే ఒక వాక్యం దగ్గర జాగ్రత్త: "నా తదనంతరం నా భార్య యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను." ఉద్దేశం మంచిదే. కానీ హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, భార్యకు ఉన్న పోషణ హక్కు కింద ఇచ్చిన పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారిపోవచ్చు. మన ఆంధ్ర నుంచే వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అదే సెక్షన్‌లోని రెండో భాగం కింద పరిమిత హక్కు పరిమితంగానే ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఏది వర్తిస్తుందో తేలడానికి ఏళ్లు పడుతుంది. వీలైతే భార్యకు ఇచ్చేది పూర్తిగా ఇచ్చేయండి, పిల్లలకు ఇచ్చేది విడిగా ఇవ్వండి. యావజ్జీవ హక్కే కావాలంటే ఆ ఒక్క వాక్యం కోసమైనా వకీలుకు ఫీజు ఇవ్వడం దండగ కాదు.

ఇక రిజిస్ట్రేషన్. తప్పనిసరి కాదు, కానీ చేయించండి. విల్లుకు స్టాంపు డ్యూటీ లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ ఫొటో, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు రికార్డవుతాయి. కాగితం పోయినా నకలు దొరుకుతుంది. కదల్లేని స్థితిలో ఉంటే అధికారి ఇంటికే వచ్చే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయవచ్చు. అయితే రిజిస్టరైనంత మాత్రాన విల్లు నిజమైనదని తేలిపోదు. దాని తర్వాత తేదీతో సక్రమంగా రాసిన మామూలు విల్లు ఉంటే అదే చెల్లుతుంది. మన రెండు రాష్ట్రాల్లోని ఆస్తికి ఇక్కడ రాసుకున్న హిందువుల విల్లుకు ప్రొబేట్ (విల్లు నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాదు.

ఐదో పని: నామినీలను సరిచూడండి

నామినీ అంటే యజమాని కాదు. బ్యాంకు డబ్బు ఎవరి చేతికివ్వాలో చెప్పే పేరు మాత్రమే. అందుకున్నవాడు దాన్ని వారసులకు, లేదా విల్లులో ఉన్నవాళ్లకు అప్పజెప్పాలి. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో ఇదే మాట చెప్పింది. 2015 బీమా సవరణ తర్వాత మాత్రం తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లకే దక్కేలా చట్టంలో మాట చేరింది.

అందుకే విల్లులో ఒక పేరు, నామినీగా ఇంకో పేరు ఉంటే మీరే కేసు పెట్టి వెళ్లినట్టు. రెండూ ఒకటే ఉండేలా చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను, ఎవరికెంత శాతమో చెబుతూ పెట్టుకోవచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరుగా వరుస ఇవ్వాలి. పెళ్లికి ముందు పీఎఫ్‌లో తల్లి పేరు పెట్టి మరచిపోయినవాళ్లు అది మళ్లీ దాఖలు చేయాలి, పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదు.

ఆరో పని: మనిషి ఉండీ నిర్ణయం తీసుకోలేని రోజుల కోసం

ముందే చెప్పినట్టు, మతిమరుపు జబ్బు ముదిరినా, కోమాలోకి వెళ్లినా జీపీఏ మీద ఆధారపడలేం. కొన్ని దేశాల్లో ఉన్నట్టు ఆ తర్వాత కూడా కొనసాగే పవర్ ఆఫ్ అటార్నీ మనకు లేదు. కోమాలో ఉన్నవాళ్ల ఆస్తి చూడటానికి సంరక్షకుణ్ని నియమించమని కుటుంబాలు హైకోర్టుల దాకా వెళ్లాల్సి వస్తోంది. అంతదాకా పోకుండా చేయగలిగింది ఒకటే: ఆసుపత్రి ఖర్చుకు సరిపడా డబ్బును, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే వీలున్న జాయింట్ సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. జాయింట్ ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీయాలంటే సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. దానికి మ్యాండేట్ (ఒక్కరి సంతకంతోనే ఇవ్వమనే అనుమతి) ముందే ఇవ్వవచ్చేమో బ్యాంకులో కనుక్కోండి.

మానసిక అనారోగ్యం వస్తే ఎలాంటి చికిత్స కావాలో, వద్దో, మీ తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. అది కింద చెప్పబోయే పత్రం కాదు, వేరేది.

ఏడో పని: వైద్యం గురించి ముందస్తు ఆదేశం

దీన్ని లివింగ్ విల్ అంటున్నారు. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గౌరవంగా చనిపోయే హక్కును గుర్తించి దీనికి దారి వేసింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో ఎక్కువమంది ముందుకు రాలేదు. 2023 జనవరిలో కోర్టే పద్ధతిని తేలిక చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలు. సాక్షులు బయటివాళ్లయితే మేలు.

ఇది ప్రాణం తీయమని అడిగే పత్రం కాదు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మన దేశంలో నేరం. కోలుకునే ఆశ లేని స్థితిలో, యంత్రాలతో చావును వాయిదా వేయవద్దని చెప్పే పత్రం ఇది. "అనవసర వైద్యం వద్దు" అని రాస్తే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. విడివిడిగా రాయండి: "నేను కోలుకోలేని జబ్బుతో, నా అభిప్రాయం చెప్పలేని స్థితిలో ఉండి, మెరుగయ్యే ఆశ లేదని వైద్యులు తేలిస్తే, నన్ను వెంటిలేటర్ మీద పెట్టవద్దు, పెట్టి ఉంటే తీసేయండి. గుండె ఆగితే ఛాతీ నొక్కి తిరిగి నడిపించవద్దు. డయాలసిస్ వద్దు. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు మాత్రం చివరిదాకా ఇవ్వండి." గొట్టం ద్వారా ఆహారం సంగతి కూడా రాయాలి, ఇంట్లోవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేర్లు ఒకటికి మించి రాయవచ్చు. ఎక్కువ ప్రేమించేవాళ్లను కాదు, ఆ క్షణంలో మీ మాట నిలబెట్టగలిగినవాళ్లను ఎంచుకోండి. విదేశంలో ఉన్న కొడుకు విమానం దిగి "అన్నీ చేయండి డాక్టర్" అంటే, దానికి ఎదురు నిలబడగలిగే మనిషి కావాలి. పత్రం నకలు వాళ్లకూ, మీ డాక్టరుకూ ఇవ్వండి, పంచాయతీ లేదా మున్సిపాలిటీలో నియమించిన అధికారికి కూడా అందజేయాలి. ఆసుపత్రిలో చేరినప్పుడు ఫైల్లో పెట్టించండి.

అమలు ఇలా జరుగుతుంది. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ప్రాథమిక బోర్డుగా చూస్తారు. జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో కూడిన రెండో బోర్డు దాన్ని మళ్లీ పరిశీలిస్తుంది. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో చెప్పాలి. అమలు చేసే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. పత్రం రాయని రోగుల విషయంలోనూ దగ్గరివాళ్ల సమ్మతితో ఇదే పద్ధతి నడుస్తుంది, కానీ అప్పుడు ఆ భారమంతా వాళ్ల మీద పడుతుంది.

మనసు మారితే రాతపూర్వకంగా మార్చుకోవచ్చు. రెండు పత్రాలుంటే తాజాదే లెక్క.

ఎనిమిదో పని: అవయవదానం

రెండు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పథకం ద్వారా ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు. కానీ ఆ సమయంలో ఆసుపత్రి కుటుంబాన్ని అడుగుతుంది, వాళ్లు వద్దంటే కార్డు ఉన్నా ఆగిపోతుంది. గుండె, కాలేయం లాంటివి తీసుకునేది ఎక్కువగా బ్రెయిన్ డెత్ నిర్ధారణ అయినప్పుడే. కళ్లు మామూలు మరణంలోనూ ఇవ్వవచ్చు, అయితే గంటల్లోనే కబురు చేయాలి. ఈ కోరికను విల్లులో మాత్రం రాయకండి. విల్లు తెరిచేసరికి దినకార్యాలు కూడా అయిపోతాయి.

తొమ్మిదో పని: ఎక్కడుందో చెప్పండి

విల్లును మీ ఒక్కరి పేరున ఉన్న లాకరులో దాచకండి. ఆ లాకరు తెరవడానికే వారసులు కాగితాలు చూపాల్సి ఉంటుంది. అసలు ప్రతి అమలుకర్త దగ్గరో, మీరు నమ్మే వకీలు దగ్గరో ఉంచండి. లోపల ఏముందో చెప్పకపోయినా ఫరవాలేదు, ఉందనీ ఎక్కడుందనీ కనీసం ఇద్దరికి తెలియాలి. మొదట రాసిన నోటుపుస్తకాన్ని ఏడాదికోసారి తిరగేయండి. పాస్‌వర్డులు అందులో పెట్టవద్దు. గూగుల్, ఫేస్‌బుక్, ఆపిల్ ఖాతాల సెట్టింగుల్లోనే మీ తర్వాత ఎవరు చూడాలో పేరు పెట్టుకునే వీలుంది. పెళ్లి, విడాకులు, పుట్టుక, చావు, ఆస్తి అమ్మకం, వీటిలో ఏది జరిగినా విల్లు, నామినీలు మళ్లీ చూడండి.

ఆ తర్వాత ఇంట్లోవాళ్లు చేయాల్సినవి

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ధ్రువపత్రం నకళ్లు ఎక్కువే తీసుకోండి, ప్రతి ఆఫీసులోనూ అడుగుతారు. నామినీ లేని డిపాజిట్లకు, షేర్లకు సివిల్ కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ అవసరం కావచ్చు. పొలానికి మ్యుటేషన్ చేయించాలి. మ్యుటేషన్ రికార్డు మార్పే, అదే హక్కు పత్రం కాదు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళతాయి, వాటిని ఉద్గమ్ పోర్టల్‌లో వెతికి తిరిగి తెచ్చుకోవచ్చు.

వారసత్వంగా వచ్చినదాని మీద పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. కానీ పోయినవారి ఆఖరి ఏడాది ఆదాయానికి రిటర్ను వారసులే వేయాలి. వారి అప్పులకు, మీరు హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప, వచ్చిన ఆస్తి విలువ వరకే మీ బాధ్యత. చేబదులువాళ్లు గుమ్మం ముందు గట్టిగా మాట్లాడినా ఆ గీత దాటనక్కర్లేదు. ఇంకో సంగతి, పిన్ నంబరు తెలుసు కదా అని పోయినవారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. అంత్యక్రియల ఖర్చుకే తీసినా, తర్వాత అన్నదమ్ముల మధ్య లెక్క చెప్పాల్సి వచ్చేది ఆ డబ్బుకే. బ్యాంకుకు మరణవార్త తెలిపి, నామినీ ద్వారా తీసుకోండి.